తలుపు చప్పుడు తర్వాత

ముల్లు రికార్డు మీద వాలగానే ముందు వినిపించింది పాట కాదు, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట. ఆ చిటపటలో తన గుండె చప్పుడు కూడా కలిసిపోయినట్టు అనిపించింది ఆమెకు. ఇక ఆపడానికి వీల్లేదు. ఈ గదిలో నియమం అది. ముల్లు వాలాక ఆ వైపు పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు, దగ్గొస్తే చేతిరుమాల్లోనే దగ్గుకోవాలి. పళ్ల డాక్టరు ఆసుపత్రి ఇది, ఆదివారం మధ్యాహ్నం రోగులుండరు, గాజు తలుపుకి బయటివైపు 'సెలవు' అన్న అట్ట వేలాడుతుంది, లోపల లవంగనూనె వాసన, గోడమీద పంటిని నిలువునా కోసి చూపించే బొమ్మ, పనిముట్లు పెట్టుకునే చక్రాల బల్ల మీద రికార్డు ప్లేయరు. ఎవరి ఆల్బం వేస్తే వాళ్లు రోగి కుర్చీలో వెల్లకిలా పడుకుని వినాలి. మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది, పళ్లు పీకించుకునే కుర్చీలో పాటలు వినడమేమిటి, మీ స్నేహితులకు పిచ్చి ముదిరింది అని. ఇవాళ ఆ కుర్చీలో ఉన్నది ఆమె భర్త. ఆమె కూర్చున్న చోటినుంచి అతని మొహం కనపడదు, నడినెత్తి మీద సుడి కనపడుతుంది, కుర్చీ చేతిమీద ఎడమచెయ్యి కనపడుతుంది, ఆ చేతికి కొత్త ఉంగరం. ఉంగరం ఇంకా అలవాటు కాక ఎప్పుడూ బొటనవేలితో తిప్పుతూ ఉంటాడు, ఇప్పుడు తిప్పడం లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు తలుపు పక్కన కూర్చోవాలి, అదీ నియమమే. నచ్చకపోతే లేచి పారిపోవడానికి సులువని పోస్టాఫీసు అక్క చెప్పింది. ఆమె పారిపోలేదు. పెళ్లికి ముందు ఆమెకు తెలిసిన పాటలు తలస్నానం చేసి జుట్టు తుడుచుకునేలోపు అయిపోయేవి, పెళ్లయ్యాక తెలిసిన మొదటి వింత, పాట ఇరవై నిమిషాలు కూడా ఉంటుందని. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. మధ్యలో నాలుగుసార్లు పాట మారిపోయి, దారి తప్పి, ఎవరింటికో వెళ్లి, చివరికి మళ్లీ మొదలైన చోటికే వస్తుంది. బావుంది, మా మేనత్త చెప్పే కబురులా ఉంది, అందామె, అతను ఒక క్షణం ఆలోచించి నిజమే అన్నాడు, ఆ నిజమే అన్న మాటకి ఆమె ఆ రోజంతా పొంగిపోయింది. ఈమధ్య ఆమెకు అన్నీ పొంగే సంగతులే, గిన్నెల స్టాండులో తమ రెండు కప్పులు చెవులు కలుపుకుని ఉండటం, బజారుకెళ్లేటప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందని ఇద్దరూ ఒకేసారి అడగడం. విత్తన పరీక్ష లాబ్‌లో ఆమె పని తడికాగితం మీద గింజలు పరిచి మొలక వచ్చిందీ రానిదీ చూడటం, ఈమధ్య ప్రతి గింజా మొలకెత్తినట్టే కనపడుతోందని పెద్ద మేడమ్ నవ్వింది కూడా. అదే పొంగులో చేసిన పని ఇది. పోయిన ఆదివారం పోస్టాఫీసు అక్క చదరపు పొట్లం ఒకటి చేతికిచ్చి "పెళ్లికి రాలేకపోయాను కదా, ఇది మీ ఇద్దరికీ" అంటే, చింపి చూసి, అట్టమీద నీలం మెట్లు పైకి పైకి పోయి ఏ గుమ్మమూ లేకుండా ఆగిపోయిన బొమ్మ చూసి, "ఇది మెట్ల ఆల్బమేగా, ఇంట్లో క్యాసెట్ ఉంది, వచ్చే ఆదివారం ఇదే వేసేద్దాం" అనేసింది, గదంతా హోయ్ అని చప్పట్లు కొట్టింది, ఎన్నేళ్లుగానో వాళ్లెవరూ అసలు రికార్డు కంటితో చూడలేదట. అతను కూడా చప్పట్లు కొట్టాడు. కానీ మిగతావాళ్లందరూ ఆపేశాక కొట్టాడు, అది అప్పుడు ఆమెకు తట్టలేదు.

డ్రమ్స్ వచ్చాయి. ఏడు దెబ్బల లెక్క అని మాష్టారు వేళ్లమీద చూపించారు, లెక్కల మాష్టారు కదా, పాటను కూడా వేళ్లమీదే వింటారు, ఆమె కాలు మాత్రం ఎనిమిదో దెబ్బకోసం చూసి ప్రతిసారీ గోతిలో పడుతోంది. ఈ మెట్ల ఆల్బమే వీళ్లను కలిపింది. ఒక్కొక్కరికీ ఎవరో ఇచ్చిన క్యాసెట్, వాళ్లకి ఇంకెవరో ఇచ్చింది, కాపీకి కాపీకి కాపీ, పేరు కూడా లేదు, అట్టమీద ఎవరో పెన్నుతో గీసిన మెట్లు తప్ప. ఆ కాపీలన్నిటి చివరా ఒక తలుపు చప్పుడుంటుంది. కీబోర్డు స్వరం ఒక్కటే సాగి సాగి సన్నబడిపోయాక, ఇక అయిపోయిందనుకున్నాక, కిర్రుమని తలుపు. అంతే. టేపు తెగుతుంది. ఆ తలుపు గురించి వీళ్లు మాట్లాడుకున్నన్ని మాటలు పార్లమెంటులో కూడా మాట్లాడుకోరు. పోయిన ఆదివారం కూడా అదే గొడవ. ఆల్బం అంతా ఒక మనిషి మెట్లెక్కుతూనే ఉంటాడు, చివరికి తలుపు తీసుకుని వెళ్లిపోతాడు, వెనక్కి తిరిగైనా చూడడు, ఇంత గొప్ప ముగింపు ఇంకే బృందమూ చేయలేదు అన్నారు మాష్టారు.

"మీరేమో వెళ్లిపోయాడంటారు, నేను విన్నప్పుడల్లా వాణ్ని గెంటేసినట్టుంటుంది," అంది పోస్టాఫీసు అక్క.

"నీకు గెంటేసినట్టే ఉంటుందిలేమ్మా, నీ కథ నీది."

"అవును మరి, మీ కథ మీది. ఒంటిచెవి కథ."

"తలుపు నూనె లేక కిర్రుమంటోంది," అన్నాడు డాక్టరు, "అంత డబ్బున్న స్టూడియోలో ఒక్క చుక్క నూనె దొరకలేదా అని నా బాధ."

"పాటలో పల్లవి మూడుసార్లు వస్తే గానీ నిద్రపట్టనివాడివి, నీకు తలుపు విలువేం తెలుసయ్యా?"

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది. ఇంటికెళ్లాక తెలిసింది ఆ తలుపు ఎవరిదో.

ఇంటికెళ్లేసరికి పక్కింటివాళ్లు గుమ్మంలో ఉన్నారు, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది, లోపల ముసలావిడ ఉంది, బాబూ నువ్వే దిక్కని. లిఫ్టులు బాగుచేసే ఇంజినీరుకి ఆదివారం ఉండదు. అతను చొక్కా చేతులు మడుచుకుంటూ పరిగెత్తాడు, ఆమె చేతులూరుకోక అతని బీరువాలోంచి ఆ పాత క్యాసెట్ తీసి టేప్ రికార్డర్‌లో పెట్టింది, వచ్చే ఆదివారానికి తయారవుదామని, కొత్తమ్మాయి కూడా ఒక ముక్క చెప్పిందనిపించుకుందామని. కూరగాయలు తరుగుతూ మొత్తం వింది. చివర్లో కీబోర్డు సన్నబడింది, కిర్రుమని తలుపు, ఆ తర్వాత అడుగుల చప్పుడు, ఆ అడుగులతోపాటు ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, అదే పాట, ఆ ఏడు దెబ్బల పాటే, కొంచెం శ్రుతి తప్పి, ఆ తప్పడంలో కూడా ఏదో ముద్దుగా, తర్వాత టక్‌మని ఆగిపోయింది. అబ్బ, ఎంత బాగా ముగించారు అనుకుంది. ఇన్ని వాయిద్యాలూ, ఇంత ఆర్భాటమూ అయ్యాక చివరికి ఒక్క మనిషి గొంతు మిగలడం. అతను నూనెచేతులతో తిరిగొచ్చాక, చివరి భాగం వెనక్కి తిప్పి, "ఇది వినండి, ఇది వినండి, నాకు ఇక్కడ భలే నచ్చింది" అని మళ్లీ పెట్టింది. తలుపు కిర్రుమనగానే అతను చెయ్యి చాపి బటన్ నొక్కేశాడు, నూనె కూడా తుడుచుకోకుండా. "ఇంతే. ఇక్కడితో అయిపోతుంది." ఆమె ఏదో అనబోయింది. అతను బటన్ మీంచి వేలు తీయకుండానే అన్నాడు, "ఈ తలుపు మా గది తలుపు. అన్నయ్య రికార్డు చేశాడు ఇది."

అన్నయ్య కాలేజీలో ఉండేవాడట, అతను చిన్న క్లాసుల్లో. ఎవరి దగ్గరో ఒక్క రోజుకి ఆ రికార్డు అరువు తెచ్చి, ప్లేయరు స్పీకరు ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని బతిమాలి రికార్డు చేశాడట. ఆ సెలవుల్లో తమ్ముడు పిన్నిగారింట్లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు, క్యాసెట్ బల్లమీద ఉంది. జ్వరం అన్నారు, మామూలు జ్వరమే అన్నారు, అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు, ఆ ఇంటి తలుపు మళ్లీ అన్నయ్య చేత్తో కిర్రుమనలేదు. తర్వాత ఎప్పుడో ఒక్కడూ కూర్చుని ఆ క్యాసెట్ పెట్టుకున్నాడు. తలుపు చప్పుడు రాగానే ఆపేశాడు. వెళ్లిపోయాడు కదా, ఇంక వినడానికేముంది. గుర్తుగా ఉంచుకుంటామని అన్నయ్య క్లాసువాళ్లు తీసుకెళ్లి కాపీలు చేసుకున్నారు, అక్కడితో అయిపోతుందని ఇతను చెబితే తలుపు దాకానే చేసుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఇంకొకరు, ఇంకొకరు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చే సిటీబస్సులో పక్కసీటు పెద్దాయన ఎవరితోనో "చివర్లో తలుపు చప్పుడొస్తుందే, ఆ ఆల్బం" అనడం వినపడి, దిగాల్సిన చోట దిగకుండా ఆయన వెంట ఇక్కడిదాకా వచ్చేశాడట. ఆ పెద్దాయనే మాష్టారు. "మరి వాళ్లకి చెప్పలేదా?" అంది ఆమె. చెప్పలేదు. ఆ తలుపు కోసం వాళ్లు పోట్లాడుకుంటుంటే వినడానికే వస్తాడు. ఆమె అప్పుడు పోస్టాఫీసు అక్క ఇచ్చిన రికార్డు వైపు చూసింది. అతనూ చూశాడు. నీలం మెట్లు, పైన గుమ్మం లేదు. ఆ రికార్డు తిరిగితే అందులో తలుపుండదు. ఇన్నేళ్ల గొప్ప ముగింపు ఒక కుర్రాడు సరిగ్గా రికార్డు చేయని తప్పుగా తేలిపోతుంది, వీళ్లు నవ్వుతారు, ఇంక దాని మాట ఎత్తరు, అన్నయ్య ఈ గదిలోంచి కూడా వెళ్లిపోతాడు. వేసేద్దాం అన్నది తనే. ఆ పూట అన్నం మెతుకులు లెక్కపెట్టినట్టు తిన్నారిద్దరూ. "వద్దని చెప్పేద్దామా?" అంటే "బహుమతి కదా, బావుండదు" అన్నాడు. ఇవాళ బయల్దేరేటప్పుడు ఆ క్యాసెట్ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

ఫ్లూట్ వినపడుతోంది, పలచగా, కిటికీలోంచి లోపలికి వచ్చి ఎవరూ లేరని చూసి వెళ్లిపోయే ఎండలా. మాష్టారు కళ్లు మూసుకుని తల కుడివైపుకి వంచి, ఎడమచెవి స్పీకరుకి అప్పగించారు. అలవాటు అది. ఆయన ప్రాణంగా చూసుకునే ఆల్బం వేరే ఉంది, మంచుగుర్రం ఆల్బం. కూతురు పుట్టేటప్పుడు ఆపరేషన్ గది బయట కూర్చుని ఇయర్‌ఫోన్ ఎడమచెవిలో పెట్టుకుని, నర్సు పిలుపు కోసం కుడిచెవి ఖాళీగా ఉంచుకుని విన్నారట, తెల్లార్లూ అదే తిప్పి తిప్పి. ఇప్పటికీ ఆ ఆల్బంలో ఎడమవైపు వాయిద్యాలే ఆయనకు సొంతం, కుడివైపు నుంచి వచ్చేవి పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టాల్లా అనిపిస్తాయట. పోస్టాఫీసు అక్కది ఇంకో కథ. కాపురం విడిపోయినప్పుడు సామాన్లు పంచుకుంటే ప్లేయరు ఆయన పట్టుకుపోయాడు, రికార్డులు ఈవిడకి వచ్చాయి. కొన్నేళ్లపాటు అట్టలు ముందు పెట్టుకుని, ఉత్తరాలు ఊరూరికీ విడదీస్తూ, ఆల్బం మొత్తం మనసులోనే పాడుకునేదట. మళ్లీ ప్లేయరు కొనుక్కుని వింటే డ్రమ్స్ భాగం చాలా పొట్టిగా అనిపించి, దుకాణంవాడు కోసేశాడేమోనని గొడవకెళ్లిందట. నాలో అది పెరిగింది మరి, పిల్లల్లాగ, అంది. డాక్టరు తన పళ్ల మిషను గీ అనే శబ్దమూ ఫలానా ఆల్బంలో మొదటి స్వరమూ ఒకటేనని కనిపెట్టాడు, భయపడే పిల్లలకి ఆ పాట పెట్టి ఆ స్వరం రాగానే మిషను ఆన్ చేస్తాడు, ఏది పాటో ఏది నొప్పో పిల్లలకి తెలిసేలోపు పని అయిపోతుంది. ఒక్కొక్కరికీ ఒక ఆల్బం, ఒక్కో ఆల్బంలో వాళ్లు తప్ప ఇంకెవరూ వినని భాగం ఒకటి. పాటలు చేసినవాళ్లకు ఇవేవీ తెలియవు కదా అనుకుంది ఆమె, ఇల్లు కట్టిన మేస్త్రీకి ఏ గదిలో ఎవరు ఏడ్చారో తెలియనట్టు.

మొదటి వైపు అయిపోయింది. డాక్టరు లేచి రికార్డు తిప్పాడు, అక్క ఫ్లాస్కులోంచి టీ పోసింది. నియమం సడలింది కాబట్టి గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

"ఏం క్లీన్‌గా ఉందండీ! మన క్యాసెట్లో బేస్ గిటార్ ఉందని నాకు ఇవాళే తెలిసింది," అన్నాడు డాక్టరు.

"ఇంతకాలం అద్దాలు తుడవకుండా చూశామయ్యా," అన్నారు మాష్టారు. "ఇంక ఆ తలుపు ఎలా ఉంటుందో! నాకైతే ఒళ్లు జలదరిస్తోంది ఇప్పట్నించే."

"పెళ్లికొడుకు మాట్లాడడేం? ఏమ్మా, ఇంట్లో కూడా ఇంతేనా?" అంది అక్క, టీ అందిస్తూ.

"ఇంట్లో నేను మాట్లాడతానండీ, ఇద్దరి వాటా," అంది ఆమె. నవ్వారు. అతను కుర్చీలోంచి లేవలేదు, టీ వద్దని చెయ్యి ఊపాడు. అక్క మొహం ఎంత వెలిగిపోతోందో, కోరి వెతికి తెచ్చిన మనిషి, ఆ మొహం చూసి వద్దని ఎవరనగలరు. ఆమె తన టీ సగం తాగి, చల్లారిపోయిన మిగతా సగం అలాగే పట్టుకుని కూర్చుంది.

రెండోవైపు ముల్లు వాలింది. ఈ వైపంతా ఒకటే పాట. ఎక్కుతూనే ఉంటుంది. ఆమెకు ఒక ధైర్యం మాత్రం ఉంది, దాన్ని వారంరోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకుంటోంది, తలుపు లేకపోతేనేం, ఆ చివరి కూనిరాగం ఉంటుంది కదా. ఆ ఒక్కడి గొంతు. వీళ్లెవరూ దాని సంగతి ఎత్తరెందుకో, వీళ్ల కాపీల్లో అది తెగిపోయి ఉంటుంది, అతను మరి తలుపు దగ్గరే ఆపేస్తాడు. ఇవాళ వీళ్లందరూ మొదటిసారి వింటారు. తలుపు లేదేమని ఎవరూ అడిగేలోపే ఆ గొంతు వచ్చి అందరినీ కట్టిపడేస్తుంది, అదే ముగింపు అనుకుంటారు, తలుపును మరిచిపోయినా నవ్వరు. నవ్వకపోతే చాలు. ఆ గొంతు రాగానే నియమం పోతే పోయింది, లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంటుంది.

తలుపుల సంగతి ఈమధ్య ఆమెకు బాగా తెలుసు. సాయంత్రం లాబ్ నుంచి ముందొచ్చేది తనే. వంటింట్లో ఉన్నా, స్నానాలగదిలో ఉన్నా చెవి గుమ్మం దగ్గరే ఉంటుంది. లిఫ్టు ఆగుతుంది, ఆగిన తీరు వినే అతను దానికి ఏ జబ్బుందో చెప్పగలడు గానీ, ఆమె చెప్పగలిగేది అందులోంచి దిగింది ఎవరో. పొద్దున తలుపు చప్పుడు వేరు, సాయంత్రం చప్పుడు వేరు. వెళ్లేటప్పుడు కిర్రుమంటుంది, దబ్‌మంటుంది, అడుగులు చిన్నవై చిన్నవై మెట్లలో కరిగిపోతాయి, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ గిన్నెలా మోగుతుంది. వచ్చేటప్పుడు అదే కిర్రు, కానీ దాని వెనక గాలి వస్తుంది, అడుగులు పెద్దవై పెద్దవై గది నిండుతుంది, చెప్పులు ఒకటి ముందూ ఒకటి వెనకా పడతాయి. ఒకసారి ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఆ చప్పుళ్లన్నీ విని, అతను ఎదురుగా వచ్చి నిలబడేదాకా తెరవలేదు. "ఏం చేస్తున్నావ్?" "వింటున్నా." "ఏం వింటున్నావ్?" "మిమ్మల్ని." మీరు అనొద్దు, నువ్వు అను అని ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగదు. ఆ సుఖం ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇంత చిన్న ఇంట్లో ఇంత చిన్న చప్పుడు, దానికోసం రోజంతా ఎదురు చూడటం. ఇతని వాళ్లమ్మ కూడా అలాగే చెవి అక్కడే పెట్టుకుని కూర్చుని ఉంటుంది కాబోలు, ఎన్ని సాయంత్రాలో, పెద్దకొడుకు అడుగుల కోసం. దగ్గు రాబోయింది. దగ్గకూడదు. చేతిరుమాలు ఇంట్లో మరిచిపోయింది.

పాట పైమెట్టుకి చేరింది. డ్రమ్స్ ఆగిపోయాయి, గిటార్లు ఒక్కొక్కటే చేతులు దులుపుకుని దిగిపోయాయి, కీబోర్డు స్వరం ఒక్కటే మిగిలింది, పొడుగ్గా, సన్నగా, దారంలా. మాష్టారు కళ్లు తెరిచారు. అక్క చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. డాక్టరు ముందుకి వంగాడు. ఎవరూ చెప్పకుండానే అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి, తలుపు పక్కన తనుంది కాబట్టి తన వైపు తిరిగాయి, చప్పుడు రికార్డులోంచి వస్తుందని తెలిసి కూడా. కుర్చీలో తల మాత్రం తిరగలేదు. ఉంగరం వేలు తెల్లబడిపోయింది, కుర్చీ చేతిని అంత గట్టిగా పట్టుకున్నాడు. దారం సన్నబడింది. ఇంకా సన్నబడింది. తెగింది. ఇప్పుడు, అనుకుంది ఆమె, ఇప్పుడు వస్తుంది గొంతు, రా, తొందరగా రా. చిటపట. సుక్. చిటపట. సుక్. ముల్లు ఖాళీగాడిలో తిరుగుతోంది. తలుపు లేదు. అడుగులు లేవు. కూనిరాగం లేదు. ఏమీ లేదు.

"తలుపేదీ?" అన్నారు మాష్టారు, నిద్రలోంచి లేచినట్టు.

"రాలేదండీ." డాక్టరు వెళ్లి ముల్లుని పట్టిపట్టి చూశాడు, తప్పు దానిదేమోనని. "ఒరిజినల్ కదా ఇది. ఇందులో లేదంటే అసలు లేదన్నమాట. అంటే ఇన్నేళ్లూ ఎవడో రికార్డు చేసేటప్పుడు తలుపు తీస్తే..." నవ్వు పెదాలదాకా వచ్చింది. "మాష్టారూ, మీ సిద్ధాంతం మొత్తం..."

"ఎవడో కాదు," అన్నాడు కుర్చీలోంచి అతను. "మా అన్నయ్య."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అతను పైకప్పుకేసి చూస్తూ చెప్పాడు, రెండు మాటల్లో, ఆమెకు చెప్పినట్టే, ఒక్కరోజు అరువు రికార్డు, స్పీకరు ముందు టేపు, జ్వరం. వింటూ వింటూ అక్క రెండుచేతులతో నోరు మూసుకుంది. "అయ్యో నాయనా! నేను తేకుండా ఉండాల్సింది."

"మీదేం లేదక్కా."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేమయ్యా?" అన్నారు మాష్టారు మెల్లగా. "మా ముందే ఇన్నిసార్లు వాదించుకున్నాం కదా."

"చెబితే అది తప్పయిపోతుంది కదండీ. మీ దగ్గర అది సంగీతం. అయినా మీరు చెప్పిందే నిజం మాష్టారూ. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. అక్కడితో అయిపోతుంది."

అక్కడితో అయిపోతుంది. ఈ మాట అప్పుడు కూడా అన్నాడు, వేలు బటన్ మీద పెట్టి. ఆమె చేతిలో చల్లటి టీ ఒలికి చీరమీద పడింది. రికార్డులో తలుపు లేదు, తలుపు అన్నయ్యది. రికార్డులో అడుగులు లేవు. రికార్డులో ఆ గొంతు లేదు. మరి అడుగులు ఎవరివి? శ్రుతి తప్పిన ఆ పాట ఎవరిది? కిర్రు, దాని వెనక అడుగులు, చిన్నవవుతూ కాదు, పెద్దవవుతూ, దగ్గరగా, ఇంకా దగ్గరగా, చివరికి టక్, ఆ టక్‌ని నొక్కడానికి వేలు కావాలి కదా. పాట పెట్టేసి ఎక్కడికో వెళ్లాడు, అమ్మ పిలిచిందో, మంచినీళ్లకో, అప్పటి కిర్రు డ్రమ్స్‌లో కలిసిపోయి ఉంటుంది, పాట వింటూనే అవతలి గదిలో ఉన్నాడు, అయిపోతోందని తెలిసి ఆపడానికి వచ్చాడు. ఆమె నిలబడింది. నియమం ఏమైనా కానీ.

"అయిపోదు," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "వెళ్లలేదు ఆయన. వచ్చారు."

అతను కుర్చీలో పక్కకి తిరిగి ఆమెను చూశాడు.

"నువ్వు లిఫ్టు దగ్గరికి వెళ్లినప్పుడు నేను ఆపకుండా విన్నాను. తలుపు తర్వాత ఉంది. అడుగులు దగ్గరికొస్తాయి. పాడుకుంటూ వస్తారు, కూనిరాగం, ఇదే పాట. అది కూడా ఆల్బంలోదే అనుకున్నాను నేను. అందుకే ఇప్పుడు అది వస్తుందని కూర్చున్నాను. రాలేదు. దీన్లో లేదది. నీ దాంట్లోనే ఉంది."

అతను చొక్కా జేబు తడుముకున్నాడు.

"అన్నయ్యకి పాడటం రాదు," అన్నాడతను.

"అవును," అంది ఆమె, ఏడుపో నవ్వో తెలియకుండా. "అస్సలు రాదు."

మాష్టారు లేచి వచ్చి చెయ్యి చాపారు. అతను జేబులోంచి క్యాసెట్ తీసి ఇచ్చాడు. గీతలు పడిన డబ్బా, పెన్నుతో గీసిన మెట్లు, మిగతా కాపీలన్నిటి మీదా గీసినవి ఈ మెట్లను చూసే. ఆ గీతలను మాష్టారు బొటనవేలితో ఒకసారి తడిమారు. డాక్టరు రికార్డు ఆపి, పిల్లల్ని మాయచేసే పాత టేప్ రికార్డర్ తెచ్చి, పనిముట్ల బల్లమీద కుర్చీకి దగ్గరగా జరిపాడు. అక్క కళ్లు తుడుచుకుంటూ గాజు తలుపుకి గడియ పెట్టబోయి, ఎందుకో ఆగి, తీసే ఉంచింది. టేపు చివరికి తిప్పారు. బుస, ఆ బుస వెనక సన్నగా కీబోర్డు, ఎక్కడో దూరపు గదిలో మోగుతున్నట్టు. ఇప్పుడే విన్న స్వరమే, కానీ ఇది పాతబడి, మసకబడి, ఒక ఇంటి గోడల మధ్య తిరిగి వచ్చినది. అతను లేచి కూర్చున్నాడు. వేలు దానంతటదే వెళ్లి బటన్ మీద ఆగింది. ఆమె ఆ వేలిని చూస్తూ నిలబడింది, పట్టుకోలేదు. దారం సన్నబడింది.

కిర్రుమంది.

వేలు కాస్త లోపలికి దిగింది. తర్వాత మెల్లగా, ఒక్కో వేలిముద్ర గీతా విడిపించుకున్నట్టు, పైకి లేచింది.

అడుగులు దగ్గరికొస్తున్నాయి.